గడ్డకు పెట్టిన పేరు



నేను పెథాలజీ డాక్టర్ని. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. అయినా నన్ను చూసిన పేషెంట్లు చాలా తక్కువ. ఆపరేషన్ చేసిన సర్జన్ గారు మీకు గుర్తుంటారు, వార్డులో డ్రిప్పు మార్చిన సిస్టరమ్మ గుర్తుంటుంది. మేం గుర్తుండం. మీ ఒంట్లోంచి తీసిన గడ్డ ఫార్మలిన్ పోసిన ప్లాస్టిక్ డబ్బాలో మా బల్ల మీదికి వస్తుంది. దాన్ని కోసి, ముక్కల్ని మైనంలో పోతపోసి, వెంట్రుక మందం కూడా లేని పొరలు తీసి, గాజు పలకల మీద రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. చూసి, కాగితం మీద దానికొక పేరు రాసి సంతకం పెడతాం. ఇంకో ఆపరేషన్ చేయాలా, ఏ మందు ఇవ్వాలి, ఎన్నేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరగాలి, ఇవన్నీ ఆ పేరుని బట్టే నడుస్తాయి. ఆ పేరు చెవిన పడ్డ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టకపోవచ్చు కూడా.

ఈరోజు నేను చెప్పబోయేది అలాంటి ఒక పేరు గురించి. 2016 ఏప్రిల్ 14న అమెరికాలోని ఒక వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒక రకం థైరాయిడ్ గడ్డకు అంతవరకూ ఉన్న పేరులోంచి క్యాన్సర్ అన్న మాటని అందులో తీసేశారు. గడ్డ మారలేదు, మైక్రోస్కోపులో కనిపించేదీ మారలేదు. పేరొక్కటే మారింది. ఆ ఒక్క మార్పు ఎంతమందికి ఎంత మేలు చేసిందో, అది ఎందుకంత ఆలస్యంగా వచ్చిందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒకమ్మాయి గురించి చెప్పాలి. ఆవిడ ఒప్పుకున్నాకే చెబుతున్నాను, పేరూ ఊరూ మాత్రం చెప్పను. 2004లో ఆమెకు ఇరవై ఆరేళ్లు. హైస్కూల్లో తెలుగు టీచరు. ఒకరోజు మెడలో గొలుసు సర్దుకుంటుంటే చేతికి గడ్డ తగిలింది. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బంది లేదు. సూది పరీక్ష చేస్తే అనుమానంగా ఉందని వచ్చింది. సర్జన్ గారు థైరాయిడ్‌లో గడ్డ ఉన్న కుడి సగం తీసి మాకు పంపారు.

ఆ గడ్డ నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెద్ద రేగుపండంత ఉంది. చుట్టూ తెల్లటి తొడుగు, వేరుశనగ గింజని పొర పట్టి ఉంచినట్టు గడ్డంతటినీ పట్టి ఉంచింది. కోసి, తొడుగు దగ్గర్నుంచి నాలుగు ముక్కలు, మధ్యలోంచి రెండు తీసి పెట్టాను. మొత్తం ఆరు. ఆ రోజుల లెక్కకి అది తక్కువేమీ కాదు. ఈ ఆరు అన్న అంకెని గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

స్లైడు మీద చూస్తే కణాలు చిన్న చిన్న గుండ్రటి గదులు కట్టుకుని ఉన్నాయి. తొడుగు దాటి బయటికి వచ్చిన జాడ లేదు. రక్తనాళాల్లోకి వెళ్లిన జాడా లేదు. అయితే కణాల కేంద్రకాలు మాత్రం మామూలుగా లేవు. ఉబ్బి, పాలిపోయి, ఒకదానిమీదొకటి ఒరిగి, కాఫీ గింజ మీద గీతలాంటి గాడితో ఉన్నాయి. అలాంటి కేంద్రకం పాపిల్లరీ క్యాన్సర్ గుర్తని మా గురువులు నేర్పారు, పుస్తకాలూ అదే చెప్పాయి. నేను రాశాను: ఎన్‌క్యాప్సులేటెడ్ ఫాలిక్యులర్ వేరియంట్ ఆఫ్ పాపిల్లరీ థైరాయిడ్ కార్సినోమా. తొడుగులోనే ఉన్న, గదులు కట్టిన, పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అని దానర్థం. అంత పొడవు పేరులో ఆ అమ్మాయికి, ఆమె తండ్రికి అర్థమైంది ఆఖరి మాట ఒక్కటే.

వారం తర్వాత స్లైడ్లు తీసుకోవడానికి ఇద్దరూ మా డిపార్ట్‌మెంటుకి వచ్చారు. పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారట. ఆ పెద్దాయన కార్డు నా చేతికిచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఇది పెద్ద జబ్బేనా?" అని అడిగారు. మన ఊళ్లలో ఆ మాట పైకి అనరు కదా. వెనకటివాళ్లు రాచపుండు అనేవారు, ఇప్పుడు పెద్ద జబ్బు అంటాం. నేను నాకు తెలిసిన ధైర్యమంతా చెప్పాను. థైరాయిడ్‌లో వచ్చేది మంచి రకమండీ, మందుకి లొంగుతుందండీ అన్నాను. ఇప్పుడు తలచుకుంటే, క్యాన్సర్‌లో మంచి రకం అనే మాట ఒక తండ్రి చెవికి ఎలా వినిపించి ఉంటుందో!

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. మిగిలిన సగం గ్రంథి కూడా తీసేశారు. థైరాయిడ్ వెనకే స్వరపేటికకు వెళ్లే సన్నటి నరం ఉంటుంది. దాని పక్కనే, బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు, రక్తంలో కాల్షియంని కాపాడుతూ ఉంటాయి. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా అక్కడ కత్తి పెట్టడం భయంతో కూడిన పనే. రెండోసారి అంటే మరీను. ఆ అమ్మాయికి కాల్షియం బాగానే ఉంది కానీ గొంతు నీరసించింది. పొద్దున మొదటి పీరియడ్‌కి పరవాలేదు, మధ్యాహ్నం అయ్యేసరికి వెనక బెంచీల దాకా వినపడేది కాదు. పద్యం రాగయుక్తంగా చదివి చెప్పే తెలుగు టీచరుకి అదెంత కష్టమో మైకు ముందు కూర్చున్న నేను మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆపైన రేడియో అయోడిన్. దాని కోసం కొన్ని వారాలు థైరాయిడ్ మాత్ర ఆపేస్తారు. ఒళ్లంతా బరువెక్కి, మాట ముద్దగా వచ్చి, మనిషి మగతలో ఉంటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు మానేయాలి. మందు మింగాక కొన్ని రోజులు ఒంటరి గదిలో ఉండాలి, ఇంటికి వచ్చాక కూడా పసిపిల్లలకు దూరంగా మసలాలి. కొన్ని నెలలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ అమ్మాయికి అప్పటికే సంబంధం ఖాయమై ఉంది. పెళ్లికొడుకు వైపువాళ్లు మర్యాదగానే కబురు పంపి తప్పుకున్నారు. వాళ్లు విన్న మాటని బట్టి వాళ్లు చేశారు. ఆ మాట రాసింది నేను.

ఆ రోజుల నియమం ప్రకారం నా రిపోర్టు తప్పు కాదు. నా స్థానంలో ఎవరున్నా అదే రాసేవారు. ఆ నియమం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

పాపిల్లరీ క్యాన్సర్ అంటే మొదట్లో వేళ్లలా, ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు తీసిన గడ్డే. 1960లో లిండ్సే అనే అమెరికన్ పెథాలజిస్టు, కొమ్మలు లేకపోయినా కేంద్రకాలు అలాగే ఉన్న గడ్డలు కొన్ని ఉన్నాయని గమనించారు. 1977లో చెన్, రొసాయ్ అనే ఇద్దరు, అలాంటివి ఎలా ప్రవర్తిస్తాయో పరిశీలించి ఇదీ పాపిల్లరీ క్యాన్సర్‌లో ఒక రకమేనని స్థిరపరిచారు. చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయే గడ్డల విషయంలో ఆ మాట నిజం కూడా. ఆ తర్వాత కేంద్రకం రూపమే అన్నిటికంటే పెద్ద సాక్ష్యమైంది. గడ్డ ఎలా నడుచుకుంటోంది, తొడుగు దాటిందా లేదా అన్న ప్రశ్న వెనకబడి, కేంద్రకం ఎలా కనిపిస్తోంది అన్నది ముందుకొచ్చింది. తొడుగు దాటిన గడ్డకు తక్కువ వైద్యం చేసి పేషెంటుని పోగొట్టుకున్న అరుదైన కేసులు ఒకటి రెండు డాక్టర్ల మనసుల్లో పాతుకుపోయి ఉంటాయి. ఆ భయంతో తొడుగులో బుద్ధిగా ఉన్నవాటిని కూడా అదే గాటన కట్టాం.

ఇంతా చేస్తే, ఆ కేంద్రకాల విషయంలో మాకు మాకే పొత్తు కుదరదు. నేనా రిపోర్టు రాసిన 2004లోనే ఒక అధ్యయనం వచ్చింది. థైరాయిడ్‌లో పేరున్న పదిమంది పెథాలజిస్టులకు ఈ రకం గడ్డలు 87 ఇచ్చి చూడమన్నారు. పదిమందీ ఒకే మాట చెప్పినవి 39 శాతం మాత్రమే. ఒకే గాజు పలక ఒకరి కళ్లకు క్యాన్సర్‌గా, ఇంకొకరి కళ్లకు మామూలు గడ్డగా కనిపించింది. ఆ వ్యాసం చదివిన రోజు నేను భోజనం సరిగా చేయలేకపోయాను.

ఈ పేరు మార్పు మొదలైంది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో. అక్కడి విశ్వవిద్యాలయంలో యూరీ నికిఫోరోవ్ అనే పెథాలజిస్టు ఉన్నారు. ఒకసారి పందొమ్మిదేళ్ల అమ్మాయి గడ్డ గురించి ఆయన అభిప్రాయం అడిగారు. చిన్న గడ్డ, చుట్టూ పూర్తి తొడుగు, అది ఉన్న సగం గ్రంథి అప్పటికే తీసేశారు. అది అంతటితో అయిపోవాల్సిన విషయమని ఆయనకు తెలుసు. కానీ పుస్తకంలో ఉన్న పేరు ప్రకారం ఆ పిల్లకి మిగతా గ్రంథి తీయాలి, రేడియో అయోడిన్ ఇవ్వాలి, జీవితాంతం పరీక్షలు చేయాలి. ఇక ఊరుకోకూడదని ఆయనకు అప్పుడే గట్టిగా అనిపించింది. అంతకు ముందే, 2012లో, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఒక సమావేశం పెట్టి, ప్రాణం తీయని గడ్డలకు క్యాన్సర్ అన్న పేరు అవసరమా అనే చర్చ మొదలుపెట్టింది. నికిఫోరోవ్ ఆ పనిని థైరాయిడ్‌లో నెత్తికెత్తుకున్నారు.

ఏడు దేశాల నుంచి 24 మంది పెథాలజిస్టుల్ని కూడగట్టారు. పదమూడు ఆసుపత్రుల నుంచి ఈ పేరు పెట్టిన 268 గడ్డల స్లైడ్లు తెప్పించారు. మొదట అందరూ కలిసి, ఏది చూస్తే ఏమనాలో గట్టి నియమాలు రాసుకున్నారు. తర్వాత గడ్డల్ని రెండు రాశులుగా విడదీశారు: తొడుగు దాటనివి, దాటినవి. దాటనివాటిలో 109 మంది పేషెంట్ల సమాచారం కనీసం పదేళ్లది ఉంది, కొందరిది 26 ఏళ్ల దాకా ఉంది. ఆ 109 మందిలో 67 మందికి సగం గ్రంథి తీయడం తప్ప మరేమీ చేయలేదు. రేడియో అయోడిన్ ఆ 109 మందిలో ఎవరికీ ఇవ్వలేదు. ఫలితం ఏమైంది? 109 మందీ బతికే ఉన్నారు, ఒక్కరికి కూడా జబ్బు తిరగబెట్టలేదు. తొడుగు దాటిన రాశిలో 101 మందిని గమనిస్తే, 12 మందికి ఇబ్బందులు వచ్చాయి, అయిదుగురికి దూరపు అవయవాలకు పాకింది, ఇద్దరు చనిపోయారు.

ఈ రెండు రాశులనీ అంతకాలం ఒకే పేరుతో పిలిచాం.

2015 మార్చిలో బోస్టన్‌లో అందరూ కూర్చున్నారు. ఆ బల్ల చుట్టూ పెథాలజిస్టులతో పాటు థైరాయిడ్ వైద్యులు, ఒక సర్జన్ ఉన్నారు. ఒక మానసిక వైద్యుడు ఉన్నారు. థైరాయిడ్ క్యాన్సర్ అన్న మాట విని బతికి బట్టకట్టినవాళ్ల ప్రతినిధులూ ఉన్నారు. నాకు ఇది చాలా నచ్చిన సంగతి. మేం పేర్లు పెట్టేటప్పుడు కణాల్ని అడుగుతాం, పుస్తకాల్ని అడుగుతాం. పేరు మోసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడగడం నేను నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు. వాళ్లు కలిసి ఎంచుకున్న కొత్త పేరు చాలా పొడవైనది: నాన్‌ఇన్వేజివ్ ఫాలిక్యులర్ థైరాయిడ్ నియోప్లాజమ్ విత్ పాపిల్లరీ-లైక్ న్యూక్లియర్ ఫీచర్స్. పొడి అక్షరాలు కలిపి నిఫ్ట్‌పీ అంటాం. చొచ్చుకుపోనిది, గదులు కట్టినది, కేంద్రకాలు మాత్రం పాపిల్లరీని పోలినవి, అని అందులో ఉన్నదంతా ఉన్నట్టే చెప్పారు. కార్సినోమా ఉన్న చోట నియోప్లాజమ్ అని, అంటే కొత్తగా పెరిగిన కంతి అని, పెట్టారు. ప్రపంచం మొత్తం మీద ఏటా 45 వేల మందికి పైగా ఈ మార్పు వర్తిస్తుందని వాళ్ల అంచనా. వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే, 2017లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ గడ్డల వర్గీకరణ పుస్తకంలో ఈ పేరు చేర్చింది. 2022 నాటి వర్గీకరణలో తక్కువ ప్రమాదం ఉన్న కంతులు అనే వేరే గుంపే ఏర్పాటు చేసింది.

పేరు మార్చడం వైద్యంలో ఇదే మొదలు కాదు. మూత్రాశయంలో వచ్చే ఒక రకం కంతికి 1998లో ఇలాగే క్యాన్సర్ అన్న మాట తీసేశారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర కనిపించే తొలి మార్పుల్ని కూడా ఒకప్పుడు క్యాన్సర్ పేరుతోనే పిలిచేవాళ్లం, ఇప్పుడలా పిలవం.

పేరు మారిస్తే జబ్బు పోతుందా అని ఒక పాత సహోద్యోగి నన్ను నిలదీశారు. మంచి ప్రశ్న. జబ్బుని దాచిపెట్టడానికి పేరు మారిస్తే అది మోసమే. ఇక్కడ జరిగింది వేరు. లేని జబ్బుని ఉందని రాసిన పేరుని, పాతికేళ్ల వరకూ పేషెంట్ల బాగోగులు చూసి దిద్దారు.

అయితే ఈ ప్రసంగం విని ఎవరూ పొరబడకూడదు, అందుకే కొన్ని మాటలు నిదానంగా చెబుతాను. నిఫ్ట్‌పీ అని సూది పరీక్షలో చెప్పలేం, స్కానింగ్‌లోనూ చెప్పలేం. గడ్డ ఉన్న సగం తీసి, తొడుగు మొత్తం చూశాకే చెప్పగలం. ఆ ఆపరేషన్ తప్పదు. తప్పేది దాని తర్వాతి రెండో ఆపరేషన్, రేడియో అయోడిన్, ఆ పేరు మోయడం. అది పూర్తిగా నిరపాయకరమని కూడా మేం రాయం. తర్వాతి రోజుల్లో అక్కడక్కడా లింఫు గ్రంథులకు పాకిన కేసులు కనబడేసరికి 2018లో నియమాలు ఇంకా బిగించారు. పాపిల్లరీ కొమ్మలు అసలు ఉండకూడదన్నారు. అసలు పాపిల్లరీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే ఒక జన్యుమార్పు ఉంటే ఈ పేరు పెట్టొద్దన్నారు. ఇంకో సంగతి. మన ఆసియా దేశాల్లో ఈ రకం గడ్డ అమెరికా, యూరప్‌ల కంటే బాగా అరుదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ అని రాసి ఉంటే అది ఇదేనని మీరే తీర్పు ఇచ్చుకోకండి. త్వరత్వరగా పెరుగుతున్న గడ్డ, మారిపోయిన గొంతు, మెడ పక్కన తగిలే బిళ్లలు, వీటిని ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

అరుదైనదైతే ఇంతసేపు ఎందుకు చెబుతున్నారని మీరు అడగొచ్చు. నిఫ్ట్‌పీ ఒక్కటే అయితే ఇంతసేపు తీసుకునేదాన్ని కాదు. థైరాయిడ్ విషయంలో మనం వెతికే కొద్దీ దొరుకుతుంది, దొరికిందల్లా కోస్తాం, కోసిందానికల్లా భయపడతాం. దీని పూర్తి రూపం చూడాలంటే దక్షిణ కొరియాకి వెళ్లాలి.

1999లో కొరియా ప్రభుత్వం ప్రజలకు క్యాన్సర్ పరీక్షలు చేయించే పథకం పెట్టింది. థైరాయిడ్ ఆ పథకంలో లేదు. కానీ ఎలాగూ ఆసుపత్రికి వచ్చారు కదా, ముప్ఫై నుంచి యాభై డాలర్లు పెడితే మెడ స్కానింగ్ కూడా చేస్తాం అన్నారు ఆసుపత్రులవాళ్లు. జనం చేయించుకున్నారు. 2011 నాటికి ఏడాదికి 40 వేల మందికి పైగా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. 1993 నాటి రేటుకి అది 15 రెట్లు. ఆ దేశంలో అన్ని క్యాన్సర్లలోకీ అదే ఎక్కువైపోయింది. దాదాపు అందరికీ గ్రంథి తీశారు. ఇన్ని వేలమందిని ముందుగా పట్టుకుని కోస్తే ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్య పడిపోవాలి కదా? ఏమాత్రం కదల్లేదు, ఎంత ఉందో అంతే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లలో 11 శాతం మందికి కాల్షియం కాపాడే గ్రంథులు దెబ్బతిన్నాయి, 2 శాతం మందికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయి. 2014లో ఎనిమిది మంది కొరియా డాక్టర్లు కలిసి, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు మెడ స్కానింగ్ చేయొద్దని బహిరంగంగా ప్రజలకు విజ్ఞప్తి చేశారు. సాటి డాక్టర్ల కోపానికి వెరవకుండా చేశారు. పేపర్లలో, టీవీల్లో పెద్ద చర్చ జరిగింది. అంతకు ముందు ఏడాది 43 వేలున్న ఆపరేషన్లు ఆ ఒక్క సంవత్సరంలో 28 వేలకి తగ్గాయి. ఆ ఎనిమిది మంది ఏ మందూ కనిపెట్టలేదు, ఏ యంత్రమూ తేలేదు, మాట మాత్రమే చెప్పారు.

అమెరికాలోనూ ఇదే తంతు. 1975లో లక్షకి అయిదుగురి లోపు ఉన్న థైరాయిడ్ క్యాన్సర్ 2009కి లక్షకి పద్నాలుగు దాటింది. మరణాలు మాత్రం ఏడాదికి రెండు లక్షల మందికి ఒకరి దగ్గరే నిలిచిపోయాయి. 

దొరికేవి అంతకుముందు ఎక్కడున్నాయి? మన మెడల్లోనే ఉన్నాయి. 1985లో ఫిన్లాండ్‌లో ఇతర కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్ గ్రంథుల్ని సన్నటి ముక్కలుగా కోసి చూశారు. 36 మందిలో, అంటే మూడోవంతు మందికి పైగా, చిన్న చిన్న పాపిల్లరీ క్యాన్సర్ చుక్కలు కనిపించాయి. బతికినన్నాళ్లూ వాళ్లకి దాని సంగతే తెలియదు. ఇది మనిషి ఒంట్లో మామూలుగా ఉండేదే అనుకోవాలని ఆ పరిశోధకులు అప్పుడే రాశారు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

ఒక్కరు పెట్టారనుకుంటాను. జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆసుపత్రి అని థైరాయిడ్‌కి పేరుమోసినది ఉంది. అక్కడి సర్జన్ అకిరా మియావుచి 1993లో, ఒక సెంటీమీటరు లోపు ఉన్న, పాకని చిన్న క్యాన్సర్లని కోయకుండా గమనిస్తూ ఉందామని ప్రతిపాదించారు. కోయడమే వృత్తిగా ఉన్న మనిషి కోయవద్దనడం చిన్న విషయం కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్కానింగ్, అంతే. 2014లో 1,235 మంది సంగతి ప్రకటించారు. పదేళ్లలో మూడు మిల్లీమీటర్లు పెరిగినవి 8 శాతం, లింఫు గ్రంథులకు పాకినవి 3.8 శాతం. అలా పెరిగినవాళ్లకి అప్పుడు ఆపరేషన్ చేస్తే సరిపోయింది. థైరాయిడ్ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు. వింతేమిటంటే, ముసలివాళ్లలో ఈ గడ్డలు ఇంకా బద్ధకంగా ఉన్నాయి. వయసు మీద పడ్డవాళ్లని తొందరపెట్టి కోయడంలో అర్థం లేదని అప్పుడు తెలిసింది.

మన దేశంలో కేరళలోని తిరువనంతపురం వైపు ఆడవాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ లెక్కలు మిగతా చోట్ల కంటే చాలా ఎక్కువగా కనిపిస్తున్నాయి. వెతకడం ఎక్కువైన చోట కనబడడం ఎక్కువవుతుందన్న మాట అక్కడా గుర్తుకొస్తుంది. మన తెలుగు పట్టణాల్లో ఇప్పుడు హెల్త్ చెకప్ ప్యాకేజీలు ఊరూరా ఉన్నాయి. నాదొక విన్నపం. మెడలో గడ్డ లేదు, ఇబ్బంది లేదు అనుకున్నప్పుడు ప్యాకేజీలో ఉంది కదా అని మెడ స్కానింగ్ చేయించుకోకండి. అమెరికాలో ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం కూడా 2017లో, లక్షణాలు లేని పెద్దవాళ్లకు థైరాయిడ్ క్యాన్సర్ పరీక్షలు వద్దనే చెప్పింది. ఒకవేళ చిన్న గడ్డ కనబడితే, సూది పెట్టే ముందు ఇది ఎంత ఉంది, సూది అవసరమా అని అడగండి. సెంటీమీటరు కంటే చిన్నవాటికి సాధారణంగా అక్కర్లేదు. ఆపరేషన్ అనుకుంటే సగం తీస్తే సరిపోతుందా అని అడగండి. రిపోర్టు వచ్చాక, రెండో ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు, పెథాలజిస్టు తొడుగు మొత్తం చూశారా అని అడగండి. స్లైడ్లు ఇంకో చోట చూపించుకోవడం మీ హక్కు. మాలో ఎవరూ దానికి నొచ్చుకోరు, నొచ్చుకోకూడదు.

థైరాయిడ్ గడ్డలు ఆడవాళ్లకే ఎక్కువ. మన ఇళ్లలో ఆడపిల్ల ఒంటి మీద పడ్డ పేరు ఆ పిల్ల ఒక్కదాని మీదే పడదు. చెల్లెలి సంబంధం దాకా పోతుంది, పుట్టబోయే పిల్లల దాకా పోతుంది. ఆ పేరు నిజమైతే ధైర్యంగా మోద్దాం. నిజం కానప్పుడు ఒక్కరోజు కూడా మోయకూడదు.

2016లో ఆ వ్యాసం చదవగానే నాకు ఆ తెలుగు టీచరు గుర్తొచ్చింది. ఆవిడ నాతో పరిచయం వదల్లేదు, పండగలకి ఫోను చేసేది. ఆలస్యంగానైనా మంచి మనిషితో పెళ్లయింది, ఒక పాప. పొద్దున్నే పరగడుపున మాత్ర, ఏడాదికొకసారి రక్త పరీక్ష, ఫైల్లో ఆ రిపోర్టు. నేను పాత బీరువాలు తీయించి, 2004 నాటి మైనం బ్లాకులు వెతికించాను. దొరికాయి. కొత్త పొరలు కోయించి, రంగు వేయించి, ఒక ఆదివారమంతా కూర్చుని చూశాను. చొచ్చుకుపోయిన జాడ ఎక్కడా లేదు. కేంద్రకాలు కొత్త నియమాలకి సరిగ్గా సరిపోయాయి. పాపిల్లరీ కొమ్మ ఒక్కటి లేదు.

అయినా నేను పేరు మార్చి రాయలేకపోయాను. కొత్త పేరు పెట్టాలంటే తొడుగు మొత్తం చూసి ఉండాలి. నేను చూసింది నాలుగు చోట్లే. మిగిలిన గడ్డని, అప్పటి పద్ధతి ప్రకారం, రిపోర్టు ఇచ్చాక కొన్నాళ్లు డబ్బాలో ఉంచి పారేశాం. నేనప్పుడు ఇంకో పది పన్నెండు ముక్కలు పెట్టి ఉంటే ఆవిడకి ఆ పేరు తీసేయగలిగేదాన్ని.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి ఇదే చెబుతూ వచ్చాను. తొడుగు ఉన్న థైరాయిడ్ గడ్డ వస్తే బ్లాకుల ఖర్చు లెక్క చూడొద్దు, తొడుగు అంచు ఒక్క మిల్లీమీటరు కూడా వదలొద్దు, ఇరవై అయినా ముప్ఫై అయినా మొత్తం పెట్టండి. ఒకబ్బాయి, మేడం, టెక్నీషియన్లు విసుక్కుంటున్నారు అన్నాడు. వాళ్లని పిలిచి ఆ టీచరు సంగతి చెప్పాను. ఆ తర్వాత ఎవరూ విసుక్కోలేదు.

ఆవిణ్ని ఇంటికి పిలిచాను. ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు విన్నది. "అయితే మేడం, నాకొచ్చింది ఏంటి?" అని అడిగింది. నేను చూసిన ఆరు ముక్కల్లో అది తొడుగు దాటినట్టు కనిపించలేదమ్మా అన్నాను. మిగతాది నేను చూడలేదు, ఇప్పుడు చూడ్డానికి లేదు అన్నాను.

ఆ రెండు మాటలూ కాగితం మీద రాసిమ్మంది. రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను. రెండుసార్లు చదువుకుని, ఫైలు తెరిచి, పాత రిపోర్టు పైన పెట్టుకుంది.